సూర్యుడు మందగిస్తే భూమి చల్లబడుతుందా?

సభకు నమస్కారం.

లోపలికి వచ్చేటప్పుడు మీలో చాలామంది గుమ్మం పక్కన ఎండలో నిలబెట్టిన చిన్న టెలిస్కోపు దగ్గర ఆగారు. దానికి కన్ను ఆనించి ఎవరూ చూడకూడదని, వెనక అమర్చిన తెల్లని అట్ట మీద పడే సూర్యబింబాన్ని మాత్రమే చూడాలని మా వాళ్లు పదే పదే చెప్పి ఉంటారు. ఆ బింబం వెడల్పు పదకొండు సెంటీమీటర్లు ఉండేలా సర్దాము. సూర్యుడి వ్యాసం భూమి వ్యాసానికి సుమారు 109 రెట్లు కాబట్టి, ఆ కొలతలో మన భూమి ఒక్క మిల్లీమీటరు చుక్క అవుతుంది. ఈ పూట బింబం ఎడమ అంచుకు దగ్గరగా కనిపించిన మచ్చల గుంపులో పెద్దది అంతకంటే కాస్త పెద్దదే. నడుమ నల్లగా, చుట్టూ బూడిదరంగు అంచుతో, అట్టకు అంటిన మసిలా ఉంది. ఒక చిన్నారి దాన్ని వేలితో తుడిచెయ్యబోయింది. అట్టను పక్కకు జరిపి చూపించాం. అట్ట కదిలింది కానీ మచ్చ కదల్లేదు, బింబంతోనే ఉండిపోయింది. అప్పుడు గానీ ఆ పాప ఆ మచ్చ సూర్యుడిదేనని నమ్మలేదు.

ఆ మచ్చల సంఖ్య తగ్గిపోతోందనీ, సూర్యుడు సుదీర్ఘమైన నిద్రలోకి జారుకోబోతున్నాడనీ, దానితో భూమి చల్లబడి మరో చిన్న మంచుయుగం వస్తుందనీ పదిహేనేళ్లుగా మనం తరచూ వింటున్నాం. ఇటువంటి సభల తర్వాత నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా ఇదే: "సూర్యుడే చల్లబడుతున్నాడట కదండీ, ఇక భూతాపం గురించి ఇంత కంగారు దేనికి?" అడిగేవాళ్లు వేళాకోళానికి అడగడం లేదు. ఎక్కడో చదివి, అది నిజమైతే బాగుండునన్న ఆశతో అడుగుతున్నారు. అందుకే దీన్ని కొట్టిపారెయ్యకుండా, ఇందులోని రెండు మాటలను విడదీసి చూడాలని అనుకుంటున్నాను. సూర్యుడు మందగిస్తాడన్నది ఒక మాట. అలా మందగిస్తే భూమి చల్లబడుతుందన్నది వేరొక మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు.

ముందు మచ్చ అంటే ఏమిటో చూద్దాం. సూర్యుడు గట్టి గోళం కాదు. మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజులకు ఒకసారి, ధ్రువాల దగ్గర అంతకంటే చాలా నెమ్మదిగా తిరుగుతాడు. ఈ తేడా వల్ల లోపలి అయస్కాంత క్షేత్రం మెలికలు పడుతూ, బిగుసుకుంటూ, అక్కడక్కడా ఉపరితలాన్ని చీల్చుకుని పైకి వస్తుంది. అలా పైకి వచ్చిన చోట, మరిగే నీటిలా అడుగు నుంచి వేడిని మోసుకొచ్చే ప్రవాహం అణగిపోతుంది. చుట్టూ 5,500 డిగ్రీల సెల్సియస్ ఉన్నచోట ఆ కాస్త మేర మాత్రం రెండు వేల డిగ్రీల వరకు తక్కువగా ఉండి నల్లగా కనిపిస్తుంది. ఈ మచ్చలు సుమారు పదకొండేళ్లకు ఒకసారి పెరిగి తగ్గుతాయని పట్టుకున్నది జర్మనీలోని డెస్సావు పట్టణానికి చెందిన సామ్యుయెల్ హైన్రిష్ ష్వాబే అనే మందుల తయారీదారు. బుధుడికి లోపల ఇంకో గ్రహం ఉందేమో కనుక్కోవాలని 1826 నుంచి మబ్బు లేని ప్రతి రోజూ సూర్యుణ్ణి చూసి మచ్చలను లెక్కపెట్టాడు. వెతికిన గ్రహం దొరకలేదు కానీ, పదిహేడేళ్ల లెక్కల్లోంచి సౌర చక్రం బయటపడింది. 1908లో జార్జ్ ఎలరీ హేల్ ఆ మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని నిరూపించాడు.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. మచ్చలు నల్లగా ఉంటాయి కనుక అవి ఎక్కువైతే సూర్యకాంతి తగ్గాలని అనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. మచ్చలతో పాటు వాటి చుట్టుపక్కల ఫాక్యులాలనే మెరుపు మరకలు కూడా పెరుగుతాయి. మచ్చలు తగ్గించే వెలుగు కంటే ఫాక్యులాలు పెంచే వెలుగు ఎక్కువ. అంచేత మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లోనే సూర్యుడు కొద్దిగా ప్రకాశవంతంగా ఉంటాడు. ఆ "కొద్దిగా" ఎంతో కొలిచే దగ్గరే ఈ వివాదమంతా తేలుతుంది; దాని దగ్గరకు తప్పకుండా వస్తాను.

సూర్యుడు నిజంగానే సుదీర్ఘకాలం మందగించిన సందర్భాలు ఉన్నాయి. 1645 నుంచి 1715 వరకు డెబ్బయ్యేళ్ల పాటు మచ్చలు చాలా అరుదైపోయాయి. ఆ రోజుల్లో చూసేవాళ్లు లేక కాదు. పారిస్‌లో కస్సీని, పికార్ వంటి శ్రద్ధాళువులు టెలిస్కోపులతో సూర్యుణ్ణి గమనిస్తూనే ఉన్నారు. గ్రీనిచ్‌లో రాజ ఖగోళ శాస్త్రవేత్తగా ఉన్న జాన్ ఫ్లామ్‌స్టీడ్ 1684లో ఒక మచ్చను చూసి, 1676 డిసెంబరు తర్వాత సూర్యుడి ముఖం మీద తాను చూసిన మచ్చ ఇదొక్కటేనని రాశాడు. ఏడేళ్లకు పైగా ఎదురుచూసిన మనిషి ఆ నల్లని చుక్కను చూసినప్పుడు ఎంత సంబరపడి ఉంటాడో ఊహించుకోండి! పంతొమ్మిదో శతాబ్ది చివర్లో గుస్టావ్ స్ప్యోరర్, ఎడ్వర్డ్ మాండర్ ఈ ఖాళీని ఎత్తి చూపితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1976లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఎడ్డీ పాత పరిశీలనల రికార్డులను, ధ్రువకాంతులు కనిపించిన సందర్భాల జాబితాలను, సంపూర్ణ గ్రహణాల వర్ణనలను, సూర్యుడు మందగించినప్పుడు చెట్ల వలయాల్లో పెరిగే కార్బన్-14 మోతాదును కలిపి పరిశీలించి, అది చూపు లోపం కాదు, సూర్యుడి ప్రవర్తనే అని తేల్చి దానికి మాండర్ కనిష్ఠం అనే పేరును స్థిరపరిచాడు. చెట్ల వలయాలను బట్టి చూస్తే గత పదకొండు వేల ఏళ్లలో ఇటువంటి దశలు పాతిక పైచిలుకే వచ్చాయి. కాబట్టి మరొకటి ఎన్నడో ఒకనాడు రావడంలో వింతేమీ లేదు.

అది త్వరలోనే వస్తుందన్న అంచనాలకు బలం 2008లో వచ్చింది. ఆ ఏడాది 266 రోజులు సూర్యుడి మీద ఒక్క మచ్చ కూడా లేదు. తర్వాత మొదలైన, శాస్త్రవేత్తల వరుస లెక్కలో 24వ సౌర చక్రం నూరేళ్లలో అతి బలహీనమైనదిగా నమోదైంది. అరిజోనాలోని కిట్ పీక్ వేధశాల నుంచి మచ్చల అయస్కాంత బలాన్ని ఏళ్ల తరబడి కొలిచిన విలియం లివింగ్‌స్టన్, మాథ్యూ పెన్ ఆ బలం ఏటేటా తగ్గుతోందనీ, 1,500 గౌస్‌లకు (గౌస్ అంటే అయస్కాంత బలానికి ఒక కొలత) దిగువకు చేరితే మచ్చలే ఏర్పడవనీ, ఇదే వాలు కొనసాగితే 25వ చక్రంలో మచ్చలు దాదాపుగా ఉండకపోవచ్చనీ చెప్పారు. 2011లో న్యూమెక్సికోలో జరిగిన అమెరికా సౌర శాస్త్రవేత్తల సమావేశంలో ఇదే దిశగా వేర్వేరు ఆధారాలను ముందుకు తెచ్చారు. 2015లో వేల్స్‌లో జరిగిన ఖగోళ సదస్సులో వాలెంటీనా జార్కోవా తన బృందం తయారుచేసిన నమూనా ప్రకారం 2030ల్లో సౌర క్రియాశీలత 60 శాతం పడిపోతుందని ప్రకటించారు. ఆ నమూనా సూర్యుడి అయస్కాంత తరంగాలకు సంబంధించినది. భూమి ఉష్ణోగ్రతను అది లెక్కించలేదు. కానీ మర్నాటికల్లా ప్రపంచమంతటా పత్రికల్లో వచ్చిన శీర్షికలు మాత్రం "మంచుయుగం వస్తోంది" అన్నాయి. సూర్యుడి గురించిన ఒక అంచనా, ఎవరూ ఏ లెక్కా వెయ్యకుండానే, రాత్రికి రాత్రి భూమి గురించిన జోస్యంగా మారిపోయింది. ఇది నన్ను చాలా బాధపెట్టిన ఘట్టం. అదే బృందం 2019లో ప్రచురించిన మరొక వ్యాసంలో, సౌర కుటుంబపు గురుత్వ కేంద్రం చుట్టూ సూర్యుడు కదలడం వల్ల భూమికీ సూర్యుడికీ మధ్య దూరం గణనీయంగా మారుతుందని రాశారు. సూర్యుడితో పాటు భూమి కూడా కదులుతుందన్న సంగతి ఆ లెక్కలో తప్పింది. 2020లో దాన్ని ప్రచురించిన శాస్త్ర పత్రికే ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది.

మరి 25వ చక్రం ఎలా నడిచింది? అది 2019 డిసెంబరులో మొదలైంది. నాసా, అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా కలిసి నియమించిన నిపుణుల బృందం మచ్చల సగటు సంఖ్య 2025 జులైలో 115కు చేరుతుందని, అంటే ఇదీ 24వ చక్రంలాగే బలహీనంగా ఉంటుందని అంచనా వేసింది. వాస్తవంలో 2024 చివర్లోనే అది 160కి చేరింది. 2024 మే 10 రాత్రి భూమిని తాకిన అయస్కాంత తుఫాను గత ఇరవై ఏళ్లలో అతి తీవ్రమైనది. మామూలుగా ధ్రువ ప్రాంతాలకే పరిమితమయ్యే ఎర్రని కాంతులు లడఖ్‌లోని హాన్లే ఆకాశంలో కూడా కెమెరాలకు చిక్కాయి. మచ్చలే ఉండవనుకున్న చక్రం ఇది! ఎవరినీ తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. లివింగ్‌స్టన్, పెన్‌ల కొలతలు నిజాయితీగా చేసిన కొలతలే. పన్నెండు, పదమూడేళ్ల వాలును గీత గీసినట్టు ముందుకు పొడిగించడం దగ్గరే చిక్కు వచ్చింది.

ఒక చక్రం ముగిసేనాటికి సూర్యుడి ధ్రువాల దగ్గర పోగయ్యే అయస్కాంత క్షేత్రం ఎంత ఉందో కొలిస్తే, రాబోయే చక్రం ఎంత బలంగా ఉంటుందో కొంతవరకు చెప్పవచ్చు. ఎందుకంటే ఆ క్షేత్రమే తర్వాతి చక్రానికి విత్తనం. కోల్‌కతాకు చెందిన ప్రాంతిక భౌమిక్, దివ్యేందు నందీ ఈ దారిలోనే వెళ్లి, 25వ చక్రం 24వ దానికి సమానంగానో, కొంచెం బలంగానో ఉంటుందని, మాండర్ తరహా నిద్ర ఇప్పట్లో కనిపించడం లేదని 2018లోనే రాశారు. కానీ ఆ విత్తనం ఎంత గట్టిదన్నది, మచ్చల గుంపులు ఏ వాలులో పుట్టాయి, ఎటు కొట్టుకుపోయాయి అన్న యాదృచ్ఛిక విషయాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. అందుకని ఒక చక్రం దాటి ముందుకు చూడటం మొదలుపెడితే కాలు మోపడానికి గట్టి నేల లేదు. 2030ల్లోనో, 2050ల్లోనో సూర్యుడు ఇలా ఉంటాడని ఎవరైనా ఖాయంగా చెబితే, ఆ ఖాయం ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం మన హక్కు.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. సూర్యుడు రేపటి నుంచే మందగించాడని అనుకుందాం. భూమికి ఎంత లోటు వస్తుంది? దీనికి కంప్యూటర్లు అక్కర్లేదు, కాగితం, పెన్సిలు చాలు. సూర్యుడికి ఎదురుగా భూమి దూరంలో ఒక చదరపు మీటరు పలకను నిలబెడితే దాని మీద పడే శక్తి 1,361 వాట్లు. 1978 నుంచి ఉపగ్రహాలు దీన్ని ఎడతెగకుండా కొలుస్తున్నాయి. సౌర చక్రపు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య ఆ అంకెలో వచ్చే తేడా సుమారు ఒక్క వాటు, అంటే వెయ్యింట ఒక వంతు కంటే తక్కువ. భూమి పలక కాదు, గోళం. సూర్యుడికి ఎదురుగా కనిపించే వృత్తం కంటే దాని ఉపరితలం నాలుగింతలు కనుక ఆ ఒక్క వాటు పావు వాటు అవుతుంది. అందులోనూ సుమారు 30 శాతాన్ని మేఘాలూ మంచూ వెనక్కి తిప్పి పంపేస్తాయి. చివరికి మిగిలేది చదరపు మీటరుకు 0.18 వాట్ల చిల్లర. మరోవైపు, 1750 నుంచి మనం గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే 2019 నాటికి అదే చదరపు మీటరు మీద 2.16 వాట్ల అదనపు భారం మోపిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. పన్నెండు రెట్లు! పైగా సూర్యుడి 0.18 పదకొండేళ్లకు ఒకసారి వచ్చి పోతుంది. వాయువు మోపిన భారం ఏటేటా పెరుగుతూనే ఉంది.

పదకొండేళ్ల చక్రం సంగతి సరే, మాండర్ కనిష్ఠం లాంటిది వస్తే లోటు ఇంకా పెద్దదవుతుంది కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జర్మనీలోని పోట్స్‌డామ్ సంస్థకు చెందిన గెయోర్గ్ ఫ్యుల్నర్, స్టెఫాన్ రామ్‌స్టోర్ఫ్ 2010లో దీన్నే పరీక్షించారు. మాండర్ కాలపు సూర్యకాంతి ఎంత తగ్గి ఉంటుందన్న దాని మీద ఉన్న అంచనాల్లో పెద్దదాన్ని కూడా తీసుకుని లెక్క వేస్తే, 2100 నాటికి భూమి సగటు ఉష్ణోగ్రతలో తగ్గుదల 0.3 డిగ్రీలకు మించలేదు. చిన్న అంచనాలతో వేస్తే 0.1 దగ్గరే ఆగింది. బ్రిటన్ వాతావరణ విభాగం శాస్త్రవేత్తలు 2015లో చేసిన లెక్కలో ప్రపంచ సగటు తగ్గుదల 0.1 డిగ్రీ దగ్గరే ఉన్నా, ఉత్తర యూరప్‌లోనూ అమెరికా తూర్పు భాగంలోనూ శీతాకాలాల మీద ప్రభావం అంతకంటే చాలా ఎక్కువగా కనిపించింది. దీనికి కారణం కాంతి మొత్తంలో తేడా కాదు, అతినీలలోహిత కిరణాల్లో తేడా. సూర్యుడి మొత్తం కాంతి వెయ్యింట ఒక వంతు మారితే, పొట్టి తరంగాల అతినీలలోహితం కొన్ని శాతాల మేర మారుతుంది. అది పై వాతావరణంలోని ఓజోన్‌ను, అక్కడి గాలులను కదిపి, శీతాకాలపు తుఫానుల దారిని కాస్త పక్కకు నెట్టగలదు. కాబట్టి సూర్యుడి ప్రభావం ఏమీ లేదని ఎవరైనా అంటే అదీ తప్పే. కొన్ని ప్రాంతాలకు, కొన్ని రుతువుల్లో అది పట్టించుకోదగ్గ విషయమే.

"అయితే చిన్న మంచుయుగం మాటేమిటి? లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టింది, దాని మీద సంతలు కూడా పెట్టారు కదా?" అన్నది సహజంగా వచ్చే తర్వాతి ప్రశ్న. మనకు కాకతాళీయం అనే మంచి మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి కాకి బరువుకే పండు రాలిందని అనుకుంటాం. ఇక్కడ కాకి వాలకముందే పండు రాలడం మొదలైందన్నది గమనించాలి. ఆ చల్లని కాలం మాండర్ కనిష్ఠానికి శతాబ్దాల ముందే ప్రారంభమై, అది ముగిశాక కూడా వందేళ్లకు పైగా, పంతొమ్మిదో శతాబ్ది నడిమి వరకూ సాగింది. 1257లో లాంబోక్ దీవిలోని సమలాస్ మొదలుకొని పెద్ద పెద్ద అగ్నిపర్వతాలు పేలి, వాటి గంధకపు ధూళి ఆకాశంలో పొరలా కమ్మడం ఆ చల్లదనానికి ముఖ్య కారణాల్లో ఒకటి. మచ్చలు తగ్గిన మరో దశ, డాల్టన్ కనిష్ఠం, నడుస్తున్న 1816లో యూరప్, ఉత్తర అమెరికా వేసవిని చూడలేదంటే, దానికి కారణం అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో పేలిన తంబోరా. సూర్యుడు దానికి కొంత తోడై ఉండవచ్చు, అంతే. థేమ్స్ గడ్డకట్టిన సందర్భాల్లో ప్రసిద్ధమైనది 1683-84 శీతాకాలం. ఇంగ్లండ్ నడిమి ప్రాంతపు ఉష్ణోగ్రతల పట్టికలో అంత చల్లని శీతాకాలం మరొకటి లేదు. కానీ అదే మాండర్ దశలో, సరిగ్గా రెండేళ్ల తర్వాత, ఆ పట్టికలోని అతి వెచ్చని శీతాకాలాల్లో ఒకటి వచ్చింది. పైగా అప్పటి లండన్ బ్రిడ్జి సన్నని కమానులు నదిని ఆనకట్టలా నిలబెట్టి ప్రవాహాన్ని నెమ్మదింపజేసేవి. 1831లో ఆ పాత వంతెనను కూల్చాక నది గడ్డకట్టడం కష్టమైంది.

కాస్మిక్ కిరణాల వాదం కూడా మీరు విని ఉంటారు. సూర్యుడు మందగిస్తే అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు ఎక్కువగా లోపలికి వస్తాయి, వాటితో మేఘాలు పెరిగి భూమి చల్లబడుతుంది అన్నది డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ స్వెన్స్‌మార్క్ 1990ల్లో చేసిన ప్రతిపాదన. దీన్ని పరీక్షించడానికే జెనీవాలోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో క్లౌడ్ అనే ప్రయోగాన్ని నిర్మించారు. ఆ కిరణాలు అతిచిన్న రేణువులు పుట్టడానికి తోడ్పడతాయని తేలింది కానీ, మేఘాలను చెప్పుకోదగ్గంతగా మార్చేంత ప్రభావం కనిపించలేదు.

నన్ను ఒప్పించిన వాదం ఇవన్నీ కాదు, ఇంకొకటి. సుమారు 1985 నుంచి సూర్యుడి క్రియాశీలత మొత్తం మీద దిగువకు వెళ్తోంది, భూమి ఉష్ణోగ్రత ఎగువకు వెళ్తోంది. 2020లో సూర్యుడు కనిష్ఠ దశను అప్పుడే దాటుతున్నాడు; అయినా నాసా లెక్కల్లో ఆ ఏడాది అప్పటి వరకు అతి వేడి సంవత్సరమైన 2016తో సమానంగా నిలిచింది. సముద్రాలు పాత వేడిని దాచుకుని ఆలస్యంగా విడుదల చేస్తున్నాయేమో అని కొందరు అంటారు. అదే నిజమైతే వేడెక్కే వేగం మెల్లమెల్లగా తగ్గుతూ రావాలి, కానీ తగ్గలేదు. పైగా సముద్రాలు వేడిని వదలడం లేదు, ఏటేటా ఇంకా ఇంకా నింపుకుంటున్నాయి. అంతకంటే స్పష్టమైన సాక్ష్యం మన తల మీదే ఉంది. వేడెక్కించేది సూర్యుడే అయితే వాతావరణం పై పొర నుంచి కింది పొర దాకా అంతా వేడెక్కాలి. ఉపగ్రహాలు, బెలూన్లు కొలిచి చెప్పేది వేరు: నేలకు దగ్గరి పొర వేడెక్కుతోంది, దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. ఇది కార్బన్ డయాక్సైడ్ చేసే పని తీరు. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే, కొలతలు రాకముందే, ఇలా జరుగుతుందని లెక్క కట్టి చెప్పారు.

నిశ్శబ్దమైన సూర్యుడి ప్రభావం నిజంగా తీవ్రంగా కనిపించే చోటు భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచని థర్మోస్ఫియర్ సూర్యుడు చురుకుగా ఉన్నప్పుడు ఉబ్బుతుంది, మందగించినప్పుడు కుంచించుకుపోతుంది. ఉబ్బినప్పుడు గాలి రాపిడి పెరిగి ఉపగ్రహాలు కిందికి జారతాయి. 1979లో స్కైల్యాబ్ అనుకున్న దానికంటే ముందే కూలడానికి ఇది ఒక కారణం. కుంచించుకుపోతే ఉపగ్రహాలకు ఆయుష్షు పెరుగుతుంది, వాటితో పాటు పాడైపోయిన రాకెట్ల ముక్కలు, శకలాలు కూడా ఎక్కువకాలం కక్ష్యలో తిరుగుతూ ఉంటాయి. ఆ రంగంలో పనిచేసేవాళ్లకు సౌర చక్రపు అంచనా రోజువారీ అవసరం.

భూమి ప్రస్తుతం పదేళ్లకు సుమారు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కుతోంది. ఆ లెక్కన, రేపే ఒక మాండర్ కనిష్ఠం మొదలైనా అది మనకిచ్చేది ఐదు నుంచి పదిహేనేళ్ల గడువు మాత్రమే. అదీ అప్పుగా ఇచ్చే గడువు. సూర్యుడు మళ్లీ మేల్కొన్నప్పుడు ఆ 0.1 లేదా 0.3 డిగ్రీ తిరిగి వచ్చి, అప్పటికి పోగుపడిన వేడి మీద చేరుతుంది. తీరప్రాంతాల్లో ఉండేవాళ్ల, వానల మీద ఆధారపడి సాగుచేసేవాళ్ల భవిష్యత్తును ఇటువంటి గడువు మీద ఆనించి ఉంచడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సౌర చక్రం తర్వాతి కనిష్ఠం 2030 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు మళ్లీ నెలల తరబడి మచ్చలు లేని బింబం కనిపిస్తుంది, మళ్లీ మంచుయుగపు శీర్షికలు వస్తాయి. అటువంటిది చదివినప్పుడు, తగ్గేది చదరపు మీటరుకు ఎన్ని వాట్లో ఆ వార్తలో రాశారా లేదా అని మాత్రం చూడండి.

సౌర శాస్త్రం చదువుకున్న మనిషిగా నాకు ఒక కోరిక ఉంది. మాండర్ కనిష్ఠం వంటిది నా జీవితకాలంలో వస్తే చూడాలని ఉంది. ఫ్లామ్‌స్టీడ్ దగ్గర టెలిస్కోపు, కాగితం మాత్రమే ఉన్నాయి. మచ్చలు లేవని రాయగలిగాడు కానీ, సూర్యకాంతి ఎంత తగ్గిందో కొలవలేకపోయాడు. అందుకే ఆ డెబ్బయ్యేళ్ల లోటు ఎంతన్నది ఈనాటికీ చెట్ల వలయాల్లోంచి, మంచు పొరల్లోంచి పరోక్షంగా అంచనా వెయ్యాల్సి వస్తోంది. పెద్ద అంచనాకూ చిన్న అంచనాకూ మధ్య అంత ఎడం ఉండటానికి కారణం ఇదే. ఇప్పుడు ఉపగ్రహాలు ఆ 1,361 వాట్లను రోజూ కొలుస్తున్నాయి, ఆదిత్య-ఎల్1 వంటి వ్యోమనౌకలు అతినీలలోహితంలో సూర్యబింబాన్ని రేయింబవళ్లు చిత్రిస్తున్నాయి. ఈసారి సూర్యుడు నిద్రలోకి జారితే, ఎన్ని వాట్లు తగ్గాయో ఆ ఏడాదే మన చేతిలో ఉంటుంది.